గాలితో చల్లబడే చిన్న ఇంజిన్లు వేడెక్కి చెడిపోవడం: రామగుండం బొగ్గు గనుల ప్రాంతంలో కారణాలు, నిర్ధారణ, నివారణ

సారాంశం

పచ్చిక కోసే రైడింగ్ మోవర్, బ్రష్ కట్టర్, పవర్ వీడర్, రీపర్ వంటి యంత్రాలలో ఎక్కువ భాగం గాలితో చల్లబడే చిన్న పెట్రోలు ఇంజిన్లతో నడుస్తాయి. రామగుండం, గోదావరిఖని ప్రాంతంలో తీవ్రమైన వేసవి, బొగ్గు ధూళి, బూడిద, వర్షాల తరువాత దట్టంగా పెరిగే గడ్డి కలిసి ఈ ఇంజిన్లపై అధిక ఉష్ణభారాన్ని మోపుతాయి. ఇంజిన్ పట్టేసినప్పుడు కారణాన్ని ఎండకు ఆపాదించడం పరిపాటి. అయితే సరళమైన ఉష్ణ గణనను పరిశీలిస్తే, వాతావరణం వల్ల పెరిగే వేడి కంటే సిలిండర్ రెక్కల మధ్య పేరుకున్న మురికి వల్ల పెరిగే వేడి అనేక రెట్లు ఎక్కువని తెలుస్తుంది. చెడిన భాగాలను చూసి మూలకారణాన్ని గుర్తించే పద్ధతి, పొలంలో తక్షణం తీసుకోవలసిన చర్యలు, గడ్డి కోత యాజమాన్యం ద్వారా ఇంజిన్ భారాన్ని తగ్గించే విధానం ఈ వ్యాసంలో వివరించబడ్డాయి.

ముఖ్య పదాలు: చిన్న ఇంజిన్లు, అధిక ఉష్ణోగ్రత, శీతలీకరణ రెక్కలు, బొగ్గు ధూళి, పచ్చిక కోత, యంత్ర నిర్వహణ

ఉపోద్ఘాతం

పెద్దపల్లి జిల్లాలోని రామగుండం, గోదావరిఖని పరిసరాలు బొగ్గుతోను, విద్యుత్తుతోను ముడిపడిన ప్రాంతం. తెలంగాణ ప్రభుత్వానికి 51 శాతం, కేంద్ర ప్రభుత్వానికి 49 శాతం వాటా గల సింగరేణి కాలరీస్ కంపెనీ ఇక్కడ భూగర్భ గనులను, ఓపెన్‌కాస్ట్ గనులను నిర్వహిస్తున్నది. 2,600 మెగావాట్ల సామర్థ్యం గల ఎన్.టి.పి.సి. తాప విద్యుత్ కేంద్రం కూడా ఈ ప్రాంతంలోనే ఉన్నది. గనుల మధ్యనే వరి, పత్తి పండించే గ్రామాలు ఉన్నాయి. కార్మికుల కాలనీలు, ఆట మైదానాలు, పార్కులు, మట్టి గుట్టలపై పెంచిన మొక్కల వరుసలు ఉన్నాయి. ఈ స్థలాలన్నింటిలోనూ గడ్డిని కోయడానికి, కలుపును తీయడానికి చిన్న ఇంజిన్లు గల యంత్రాల వాడకం పెరుగుతున్నది.

ఈ యంత్రాలు వేడెక్కి ఆగిపోవడం, పిస్టన్ పట్టేయడం, "ఇంజిన్ బోరుకు వచ్చింది" అని మెకానిక్ చెప్పడం వాడకందారులకు తరచుగా ఎదురయ్యే అనుభవం. బోరు చేయించి, కొత్త పిస్టన్, రింగులు వేయించిన తరువాత కొద్ది వారాలకే అదే ఇంజిన్ మళ్లీ పట్టేస్తే నష్టం రెండింతలవుతుంది. యంత్రాన్ని అద్దెకు నడిపి జీవించే వ్యక్తికి కోత కాలంలో పోయిన వారం రోజులు ఆ ఏడాది తిరిగి రావు. రెండవసారి చెడిపోవడానికి కారణం చాలా సందర్భాలలో ఒక్కటే: భాగాన్ని మార్చారు గాని, ఆ భాగం ఎందుకు చెడిందో చూడలేదు. విస్తరణ శాస్త్రవేత్తలు, విద్యార్థులు ఈ విషయంలో రైతుకు, యంత్ర చోదకునికి ఉపయోగపడాలంటే ఇంజిన్‌లో వేడి ఎక్కడ పుడుతుంది, ఏ మార్గంలో బయటకు పోతుంది అనే రెండు అంశాలను ముందుగా అవగాహన చేసుకోవాలి.

ఇంజిన్‌లో వేడి లెక్క

పెట్రోలు ఇంజిన్ ఇంధనంలోని శక్తినంతటినీ పనిగా మార్చలేదు. చిన్న ఇంజిన్లలో సుమారు నాలుగో వంతు మాత్రమే పనిగా మారుతుంది. మిగిలిన మూడు వంతులు వేడి రూపంలో సైలెన్సర్ ద్వారా కొంత, సిలిండర్ రెక్కల ద్వారా కొంత, ఆయిలు ద్వారా కొంత బయటకు పోవాలి. ఒక రైడింగ్ మోవర్ గంటకు 3 లీటర్ల పెట్రోలును వాడుతున్నదనుకుంటే, లీటరు పెట్రోలులో సుమారు 8.9 కిలోవాట్ గంటల శక్తి ఉంటుంది కనుక, గంటకు సుమారు 27 కిలోవాట్ గంటల శక్తి లోపలికి వెళుతున్నట్లు. ఇందులో దాదాపు 20 కిలోవాట్ గంటలు వేడిగా బయటకు రావాలి. రెండేసి కిలోవాట్ల నీటి గీజర్లు పది ఏకకాలంలో పనిచేస్తే వెలువడే వేడికి ఇది సమానం. సీటు కింద లేదా ముందు భాగంలో ఇమిడిపోయే ఒక చిన్న లోహపు దిమ్మ ఇంత వేడిని నిరంతరం వదిలించుకోవలసి ఉంటుంది.

కారు ఇంజిన్‌లో ఈ పనిని నీరు, రేడియేటర్ చేస్తాయి. చిన్న ఇంజిన్‌లో ఫ్లైవీల్‌పై అమర్చిన ఫ్యాన్ గాలిని లాగి, రేకు లేదా ప్లాస్టిక్ కవరు గుండా సిలిండర్ రెక్కల సందులలోకి నెడుతుంది. ఈ ఏర్పాటులో మూడు భాగాలు సమాన ప్రాధాన్యం కలవి. మొదటిది గాలి లోపలికి వచ్చే జాలీ. రెండవది గాలిని దారి మళ్లించే కవరు. మూడవది గాలికి వేడిని అందించే రెక్కలు. వీటిలో ఏ ఒక్కటి దెబ్బతిన్నా మిగిలిన రెండూ నిరుపయోగమవుతాయి.

ఎండ ఎంత, మురికి ఎంత

రామగుండంలో మే నెలలో ఉష్ణోగ్రత 45 డిగ్రీల సెల్సియస్‌ను దాటే రోజులు ఉంటాయి. అందుచేత ఇంజిన్ పాడైతే ఎండను నిందించడం సహజం. ఈ అభిప్రాయాన్ని ఒక గణనతో పరీక్షించవచ్చు.

గాలి ఉష్ణోగ్రత 30 డిగ్రీలు ఉన్నప్పుడు ఒక ఇంజిన్ రెక్కలు 150 డిగ్రీల వద్ద నిలకడగా ఉన్నాయనుకుందాం. రెక్కలకు, గాలికి మధ్య తేడా 120 డిగ్రీలు. పుట్టే వేడి మారకపోతే ఈ తేడా కూడా దాదాపు మారదు. గాలి ఉష్ణోగ్రత 45 డిగ్రీలకు చేరితే గాలి సాంద్రత సుమారు 5 శాతం తగ్గుతుంది. దాని ప్రభావాన్ని కూడా కలుపుకుంటే అంతే వేడిని వదిలించడానికి 125 డిగ్రీల తేడా కావాలి. అంటే రెక్కలు 170 డిగ్రీలకు చేరుతాయి. మండు వేసవి వల్ల లోహపు ఉష్ణోగ్రతలో వచ్చిన పెరుగుదల సుమారు 20 డిగ్రీలు.

ఇప్పుడు అదే 45 డిగ్రీల ఎండలో రెక్కల సందులు మూసుకుపోయి, వేడిని వదిలే సామర్థ్యం సగానికి పడిపోయిందనుకుందాం. అంతే వేడి బయటకు పోవాలంటే తేడా 250 డిగ్రీలు కావాలి. రెక్కల ఉష్ణోగ్రత 295 డిగ్రీలకు చేరుతుంది. ఇది సరళీకరించిన లెక్క. వాస్తవంలో అంత వేడికి చేరకముందే ఇంజిన్ శక్తి తగ్గిపోతుంది లేదా ఏదో ఒక భాగం చెడిపోతుంది. అయినప్పటికీ రెండు కారణాల మధ్య ఉన్న నిష్పత్తిని ఈ లెక్క స్పష్టపరుస్తుంది. ఎండ 20 డిగ్రీలను చేర్చితే మురికి 125 డిగ్రీలను చేర్చింది. మంచి స్థితిలో ఉన్న ఇంజిన్ మొదటి పెరుగుదలను తట్టుకోగలదు. రెండవదానిని తట్టుకోలేదు. ఎండను ఎవరూ తగ్గించలేరు. మురికిని ఒక బ్రష్షుతో తొలగించవచ్చు. ఈ వ్యాసంలోని సిఫారసులన్నింటికీ ఈ తేడాయే ఆధారం.

ఈ ప్రాంతపు ధూళి స్వభావం

గనుల ప్రాంతంలోని ధూళి ఒకే పదార్థం కాదు. ఓపెన్‌కాస్ట్ గనుల నుండి, బొగ్గు రవాణా మార్గాల నుండి లేచే ధూళిలో బొగ్గు పొడితో పాటు ఇసుకరాతి పొడి ఉంటుంది. గోదావరి లోయలోని బొగ్గు పొరలు గోండ్వానా శ్రేణి ఇసుకరాళ్ల మధ్య ఉన్నందువల్ల పైమట్టిలో క్వార్ట్జ్ రేణువులు అధికం. విద్యుత్ కేంద్రపు బూడిదలో సిలికా, అల్యూమినా ప్రధానమైన అతి సూక్ష్మ రేణువులు ఉంటాయి. ఈ మూడింటి ప్రభావాలు వేర్వేరు.

బొగ్గు పొడి మెత్తనిది. ఒరిపిడి తక్కువే అయినా ఆయిలు చెమ్మతో కలిసినప్పుడు రెక్కల మధ్య అట్టగా కట్టుకుంటుంది. కోసిన గడ్డి పొట్టు ఆ అట్టకు పీచులాగా పనిచేసి దానిని మరింత దిట్టపరుస్తుంది. ఇది వేడిని బయటకు పోనివ్వని దుప్పటి వంటిది. సైలెన్సర్ పక్కన చేరితే అంటుకునే ప్రమాదం కూడా ఉన్నది.

క్వార్ట్జ్ రేణువులు మోహ్స్ కొలమానంలో 7 గట్టిదనం కలవి. సిలిండర్ పోత ఇనుము కంటే ఇవి గట్టివి. గాలి ఫిల్టరు దాటి లోపలికి ప్రవేశిస్తే రింగులను, సిలిండర్ గోడను సానరాయి వలె అరగదీస్తాయి. రింగులు అరిగితే మండే వాయువులు క్రాంక్ కేసులోకి దిగి ఆయిలును వేడి చేస్తాయి, ఆయిలు పైకి వచ్చి మండుతుంది, మట్టం తగ్గుతుంది. ఈ విధంగా ధూళి వల్ల మొదలైన అరుగుదల చివరకు అధిక వేడిగా బయటపడుతుంది.

బూడిద రేణువులు సూక్ష్మమైనవి కనుక చిరిగిన లేదా సరిగా కూర్చోని ఫిల్టరు అంచుల గుండా సులభంగా దూరిపోతాయి. ఫిల్టరు పైకి శుభ్రంగా కనిపించినా, దాని వెనుక గొట్టంలో వేలితో రాస్తే బూడిద అంటినట్లయితే ఫిల్టరు పనిచేయడం లేదని అర్థం.

వేడి పెరిగినప్పుడు లోపల జరిగేది

మొదట ఆయిలు పలుచబడుతుంది. ఎస్.ఏ.ఇ. 30 రకం ఆయిలు చిక్కదనం 40 డిగ్రీల వద్ద ఉన్నదానితో పోలిస్తే 100 డిగ్రీల వద్ద సుమారు పదో వంతుకు పడిపోతుంది. ఆపై మరింత పలుచబడి లోహ భాగాల మధ్య పొర నిలవదు. అదే సమయంలో ఆయిలు త్వరగా పాడవుతుంది. ఉష్ణోగ్రత ప్రతి 10 డిగ్రీలు పెరిగిన కొద్దీ ఆయిలు ఆక్సీకరణ వేగం సుమారు రెట్టింపవుతుందనేది ఇంజినీర్లు పాటించే స్థూల సూత్రం.

తరువాత పిస్టన్ వ్యాకోచిస్తుంది. పిస్టన్ అల్యూమినియం మిశ్రమం. సిలిండర్ గోడ చాలా ఇంజిన్లలో పోత ఇనుము. 70 మి.మీ. వ్యాసం గల పిస్టన్ 100 డిగ్రీలు అదనంగా వేడెక్కితే సుమారు 0.14 మి.మీ. పెరుగుతుంది. సిలిండర్ అంతే వేడెక్కినా సుమారు 0.08 మి.మీ. మాత్రమే పెరుగుతుంది. వాటి మధ్య ఖాళీని మిల్లీమీటరులో నూరవ వంతులలో కొలుస్తారు. అందులో 0.06 మి.మీ. తగ్గిపోతే ఆయిలు పొరకు చోటు మిగలదు. లోహం లోహాన్ని రాసుకొని, అల్యూమినియం సిలిండర్ గోడకు అంటుకొని, పిస్టన్ పట్టేస్తుంది.

పట్టేయకముందే ఇతర భాగాలు కూడా దెబ్బతినవచ్చు. సిలిండర్ హెడ్ వంకరపోయి గాస్కెట్ పగులుతుంది. వాల్వు గైడ్ తన స్థానం నుండి జరిగి పుష్ రాడ్ వంగుతుంది. వాల్వు సీటు వదులవుతుంది. అందుచేత వేడెక్కిన ఇంజిన్ తిరిగి స్టార్ట్ అయినంత మాత్రాన అది బాగున్నదని భావించరాదు.

వేడెక్కడానికి గల కారణాలు, పరిశీలించవలసిన క్రమం

కారణాలను వెతికేటప్పుడు సులభమైన, ఖర్చులేని పరిశీలనలతో మొదలుపెట్టడం మంచిది. గాలి, ఆయిలు, భారం, ఇంధనం, నిప్పురవ్వ అనే వరుసను పాటించాలి.

గాలి: ముందుగా జాలీని, తరువాత కవరు విప్పి రెక్కలను చూడాలి. పై జాలీ శుభ్రంగా ఉన్నా కవరు లోపల రెక్కలు పూర్తిగా పూడి ఉండవచ్చు. చాలా కాలం వాడకుండా షెడ్డులో ఉంచిన యంత్రాలలో ఎలుకలు కవరు కింద గూళ్లు పెడతాయి. ఈ సందర్భంలో ఒక పొరపాటును ప్రత్యేకంగా పేర్కొనాలి. గాలి బాగా తగులుతుందనే ఉద్దేశంతో కవరును తీసివేసి నడపడం కొన్నిచోట్ల కనిపిస్తుంది. కవరు లేకపోతే ఫ్యాన్ గాలి రెక్కల సందులలోకి పోకుండా బయటకు చెదిరిపోతుంది. కవరు లేని ఇంజిన్ మరింత త్వరగా వేడెక్కుతుంది.

ఆయిలు: యంత్రాన్ని సమతలంపై నిలిపి మట్టాన్ని చూడాలి. చిన్న ఇంజిన్లలో చాలావరకు ఆయిలు పంపు ఉండదు. కనెక్టింగ్ రాడ్ కొసన ఉన్న చిన్న గరిటె ఆయిలును చిమ్మి భాగాలను తడుపుతుంది. మట్టం తగ్గినా, వాలుపై యంత్రం ఒరిగినా ఆ గరిటెకు ఆయిలు అందదు. రైడింగ్ మోవర్‌ను 15 డిగ్రీలకు మించిన వాలుపై నడపకూడదని తయారీదారులు సాధారణంగా సూచిస్తారు. మట్టి గుట్టల అంచులు, కాలువ గట్లు దీనికంటే నిటారుగా ఉండవచ్చు. అక్కడ బోల్తాపడే ప్రమాదం ఎంతటిదో ఆయిలు అందకపోయే ప్రమాదం అంతటిది. మట్టం ఎక్కువైనా హానియే. ఆయిలు నురగై, బ్రీదర్ గుండా బయటకు వచ్చి రెక్కలపై పడి ధూళిని పట్టుకుంటుంది.

భారం: గడ్డి ఎత్తు, తడి, బ్లేడు పదును, నడిపే వేగం ఇంజిన్ భారాన్ని నిర్ణయిస్తాయి. వీటిని తరువాతి విభాగంలో విడిగా చర్చించడం జరిగింది.

ఇంధనం: కార్బురేటర్ జెట్టులో జిగురు పట్టినా, ఇన్‌టేక్ గాస్కెట్ దగ్గర గాలి లీకైనా ఇంధన మిశ్రమం పలుచనవుతుంది. పలుచని మిశ్రమం ఇంజిన్‌ను అధికంగా వేడెక్కిస్తుంది. దేశంలో 2023 ఫిబ్రవరి నుండి 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు అందుబాటులోకి వచ్చింది. పూర్తిగా మండడానికి కిలో పెట్రోలుకు సుమారు 14.7 కిలోల గాలి అవసరం కాగా, కిలో ఇథనాల్‌కు సుమారు 9 కిలోలు చాలు. కార్బురేటర్ ఈ తేడాను తనంతట తాను సరిచేసుకోలేదు. ఫలితంగా పాత జెట్టుతో మిశ్రమం కొంత పలుచనవుతుంది. చిన్న ఇంజిన్ల చేతిపుస్తకాలలో చాలావాటిలో 10 శాతం ఇథనాల్ వరకే అనుమతి ఉంటుంది కనుక తమ యంత్రానికి సంబంధించిన సూచనను చోదకుడు తప్పక చూడాలి. ఇథనాల్ తేమను పీల్చుకుంటుంది. నెల రోజులకు మించి యంత్రాన్ని వాడనప్పుడు ట్యాంకును, కార్బురేటర్‌ను ఖాళీ చేయాలి. బ్రష్ కట్టర్లలో ఉండే టూ స్ట్రోక్ ఇంజిన్లకు పెట్రోలులో కలిపిన ఆయిలే ఆధారం కనుక, తయారీదారు చెప్పిన పాళ్లను కొలిచి కలపాలి, అంచనాతో పోయరాదు.

నిప్పురవ్వ: ప్లగ్గు రకం మారినా, టైమింగ్ తప్పినా వేడి పెరుగుతుంది. ఇవి అరుదైన కారణాలు. పై నాలుగూ చూసిన తరువాతనే వీటికి రావాలి.

చెడిన భాగం చెప్పే సాక్ష్యం

ఇంజిన్ విప్పిన తరువాత పాత భాగాలను పారవేయకముందే పరిశీలించాలి. ప్రతి కారణమూ లోహంపై తనదైన గుర్తును వదులుతుంది. ఈ గుర్తులను చదవడం విద్యార్థులకు ప్రయోగశాలలో నేర్పదగిన పాఠం.

పట్టిక 1. చెడిన భాగాలపై కనిపించే గుర్తులు, మూలకారణాలు

| కనిపించే గుర్తు | సూచించే కారణం | బాగుచేయడానికి ముందు సరిచేయవలసినది |
|---|---|---|
| పిస్టన్ చుట్టూ గీతలు, అల్యూమినియం సిలిండర్‌కు అంటుకొని ఉండడం | అధిక వేడి | రెక్కలు, జాలీ, కవరు, ఇంధన మిశ్రమం |
| కనెక్టింగ్ రాడ్ పెద్ద కొస నీలం లేదా నలుపు రంగుకు మారడం, విరగడం | ఆయిలు అందకపోవడం | ఆయిలు మట్టం, లీకులు, వాలుపై వాడకం |
| రింగులు సమానంగా పలుచబడడం, సిలిండర్ గోడపై మందమైన బూడిద రంగు, హోనింగ్ గీతలు చెరిగిపోవడం | ధూళి ప్రవేశం | గాలి ఫిల్టరు, దాని అంచులు, ఆయిలు మూత |
| ప్లగ్గు కొన తెల్లబడి, బొబ్బలెక్కినట్లు ఉండడం | పలుచని మిశ్రమం లేదా అధిక వేడి | జెట్టు, ఇన్‌టేక్ గాస్కెట్, రెక్కలు |
| ప్లగ్గు నల్లని పొడి మసితో ఉండడం | చిక్కని మిశ్రమం, మూసుకుపోయిన ఫిల్టరు | ఫిల్టరు, చోక్ |
| పుష్ రాడ్ వంగడం, వాల్వు గైడ్ జరగడం | అధిక వేడి | రెక్కలు, భారం |

బోధనకు ఒక ఊహాత్మక ఉదాహరణను తీసుకోవచ్చు. పిస్టన్ పట్టేసిన ఒక మోవర్ ఇంజిన్‌ను బోరు చేయించి, కొత్త పిస్టన్ వేశారు. కవరును మాత్రం లోపల శుభ్రం చేయకుండానే తిరిగి బిగించారు. కొత్త పిస్టన్, కొత్త బోరు మధ్య ఖాళీ తక్కువ, రాపిడి ఎక్కువ కనుక మొదటి గంటలలో వేడి మరింతగా పుడుతుంది. పాత ఇంజిన్ తట్టుకోలేని వేడిని కొత్త పిస్టన్ అంతకంటే తట్టుకోలేదు. రెండవసారి విప్పినప్పుడు పిస్టన్ చుట్టూ అవే గీతలు కనిపిస్తాయి. ఇక్కడ మెకానిక్ నైపుణ్యంలో గాని, విడిభాగం నాణ్యతలో గాని లోపం లేకపోవచ్చు. అడగవలసిన ప్రశ్నను ఎవరూ అడగలేదు. అందువల్ల బోరుకు ఇచ్చేముందు "ఇది ఎందుకు పట్టింది" అనే ప్రశ్నకు పట్టిక 1 ఆధారంగా సమాధానం రాబట్టడం విస్తరణ శాస్త్రవేత్త బాధ్యత.

గడ్డి యాజమాన్యం ద్వారా భారం తగ్గించడం

ఇంజిన్ వేడిని యంత్రశాస్త్ర విషయంగా మాత్రమే చూడడం పొరపాటు. ఇంజిన్ ఎంత పని చేయాలో నిర్ణయించేది గడ్డి. ఆ గడ్డి యాజమాన్యం సస్యశాస్త్ర పరిధిలోని అంశం.

ఈ ప్రాంతపు మైదానాలలో గరిక ప్రధానమైన పచ్చిక. నిర్వహణ లేని చోట తుంగ, దర్భ, వయ్యారిభామ చేరుతాయి. జూన్‌లో వర్షాలు మొదలైన తరువాత గడ్డి వేగంగా పెరుగుతుంది. వానలు కురుస్తున్నాయని కోతను వాయిదా వేస్తూ వచ్చి, బతుకమ్మ, దసరా పండుగలకు మైదానాన్ని సిద్ధం చేయవలసి వచ్చినప్పుడు మోకాలెత్తు గడ్డిని ఒకే రోజులో నేలమట్టానికి కోయించే ప్రయత్నం జరుగుతుంది. అటువంటి రోజున ఇంజిన్‌పై పడే భారం ఏడాదిలో మరెప్పుడూ పడదు.

దీనికి పరిష్కారం పచ్చిక యాజమాన్యంలో ప్రసిద్ధమైన మూడో వంతు సూత్రం. ఏ కోతలోనూ గడ్డి ఎత్తులో మూడో వంతుకు మించి తీయరాదు. 6 సెం.మీ. పెరిగిన గరికను 4 సెం.మీ.కు కోస్తే మొక్క వేర్లు దెబ్బతినవు, పచ్చదనం నిలుస్తుంది, ఇంజిన్‌కు భారమూ తక్కువ. ఇప్పటికే మోకాలెత్తు పెరిగిన చోట మొదట బ్రష్ కట్టర్‌తో పైభాగాన్ని తీసి, కోసిన గడ్డిని ఎత్తివేసి, రెండు మూడు రోజుల వ్యవధితో డెక్ ఎత్తును అంచెలంచెలుగా దించుతూ కోయాలి. మొదటి కోతలో డెక్ వెడల్పులో సగం మాత్రమే గడ్డిపైకి పోయేలా నడపడం కూడా ఉపయోగకరం.

తడి గడ్డి డెక్ కింద ముద్దగా అంటుకొని బ్లేడును పట్టి ఉంచుతుంది. కాబట్టి వర్షాకాలంలో మంచు, తడి ఆరిన తరువాత కోయాలి. వేసవిలో ఇందుకు భిన్నంగా, తెల్లవారుజామున మొదలుపెట్టి ఉదయం 9 గంటలలోపు ముగించడం లేదా సాయంత్రం 5 గంటల తరువాత కోయడం యంత్రానికి, చోదకునికి కూడా క్షేమం. వడదెబ్బ ప్రమాదం ఇంజిన్ పట్టేయడం కంటే తీవ్రమైనదని వేరుగా చెప్పనవసరం లేదు. ఎండిన గడ్డి, పొట్టు గాలిలో లేచి జాలీకి చేరుతుంది కనుక వేసవి కోతలో జాలీని తరచుగా తుడవాలి.

మొద్దుబారిన బ్లేడు గడ్డిని కోయదు, చీల్చుతుంది. భారం పెరుగుతుంది, గడ్డి కొసలు ఎండి పసుపు రంగుకు మారతాయి. కోసిన మరునాడు మైదానం పాలిపోయినట్లు కనిపిస్తే బ్లేడును సానపట్టవలసి ఉన్నదని గ్రహించాలి.

నడిపే విధానంలో మరొక అపోహను తొలగించాలి. రేసు తగ్గించి నడిపితే ఇంజిన్ వేడెక్కదని చాలామంది నమ్ముతారు. శీతలీకరణ ఫ్యాన్ ఇంజిన్‌తోనే తిరుగుతుంది కనుక రేసు తగ్గితే గాలి కూడా తగ్గుతుంది. తక్కువ రేసులో ఎక్కువ భారం లాగించడం ఇంజిన్‌కు హానికరం. కోత సమయంలో తయారీదారు నిర్దేశించిన పూర్తి రేసులో ఉంచి, యంత్రం ముందుకు కదిలే వేగాన్ని మాత్రం గేరు ద్వారా తగ్గించుకోవాలి.

పొలంలో ఇంజిన్ వేడెక్కినప్పుడు

శక్తి తగ్గడం, కాలిన రంగు లేదా ఆయిలు వాసన రావడం, లోపల టకటక శబ్దం, తాళం తీసినా ఇంజిన్ కొద్దిసేపు తిరుగుతూనే ఉండడం, ఆగి చల్లబడిన తరువాతనే స్టార్ట్ కావడం అధిక వేడికి సూచనలు. అప్పుడు పాటించవలసిన క్రమం ఇది.

1. బ్లేడును వెంటనే విడదీయాలి. భారం లేకుండా రెండు మూడు నిమిషాలు ఇంజిన్‌ను నడవనిచ్చి, ఫ్యాన్ గాలితో చల్లబడిన తరువాత ఆపాలి. టకటక శబ్దం ఉన్నా, ఆయిలు హెచ్చరిక దీపం వెలిగినా ఒక్క క్షణం కూడా నడపకుండా ఆపివేయాలి.
2. ఎండిన గడ్డిపై నిలపరాదు. సైలెన్సర్ వేడికి గడ్డి అంటుకోవచ్చు. వట్టి నేలపై, నీడలో నిలపాలి.
3. నీరు పోయరాదు. వేడి లోహం ఒక్కసారిగా చల్లబడితే పగులుతుంది లేదా వంకరపోతుంది.
4. పెట్రోలు ట్యాంకు మూతను వేడి మీద తెరవరాదు.
5. కనీసం అరగంట చల్లబడనిచ్చి, ప్లగ్గు తీగను విడదీసిన తరువాతనే జాలీని, రెక్కలను, బ్లేడును తాకాలి.
6. ఆయిలు మట్టం చూడాలి. ఆయిలు నల్లబడి కాలిన వాసన వస్తే అదే రోజు మార్చాలి.
7. తాడును చేతితో మెల్లగా లాగి చూడాలి. ఇంజిన్ బిగుసుకొని ఉంటే బలవంతంగా తిప్పరాదు.

క్రమబద్ధ నిర్వహణ

తయారీదారు చేతిపుస్తకంలోని వ్యవధులు సాధారణ పరిస్థితులకు ఉద్దేశించినవి. ధూళి అధికంగా ఉన్నచోట వాటిని తగ్గించుకోవాలని ఆ పుస్తకాలలోనే ఉంటుంది. గనుల ప్రాంతమంతా ధూళి ప్రాంతమే కనుక కింది విధంగా పాటించడం సముచితం.

ప్రతిరోజు పని మొదలుపెట్టే ముందు ఆయిలు మట్టం చూసి, జాలీని తుడవాలి. వేసవిలో మధ్యలో ఒకసారి మళ్లీ చూడాలి. పని ముగిసి ఇంజిన్ చల్లబడిన తరువాత డెక్ కింద అంటిన గడ్డిని తీయాలి.

ప్రతి 10 గంటల పనికి ఫిల్టరును విప్పి చూడాలి. స్పాంజి ఫిల్టరును సబ్బు నీటితో కడిగి, పూర్తిగా ఆరిన తరువాత చేతిపుస్తకం సూచిస్తే కొద్దిగా ఆయిలు పూసి పిండి అమర్చాలి. కాగితపు ఫిల్టరును మెల్లగా తట్టాలి. పెట్రోలుతో కడిగినా, కంప్రెసర్ గాలిని తీవ్రంగా కొట్టినా కాగితం చిరిగి బూడిదకు దారి ఏర్పడుతుంది.

ప్రతి 25 గంటలకు కవరు విప్పి రెక్కలను శుభ్రం చేయాలి. పొడి బ్రష్షు, వెదురు పుల్ల ఇందుకు చాలు. కంప్రెసర్ ఉంటే గాలి సాధారణంగా పోయే దిశకు ఎదురుగా ఊదాలి. నీటి పైపుతో కడిగితే బొగ్గు పొడి ముద్దయి మరింత లోతుకు చేరుతుంది. శుభ్రం చేసిన తరువాత కవరును అన్ని స్క్రూలతో తిరిగి బిగించాలి.

కొత్త ఇంజిన్‌కు లేదా బోరు చేసిన ఇంజిన్‌కు చేతిపుస్తకం చెప్పిన తొలి గంటల తరువాత ఆయిలు మార్చాలి. ఆపై ప్రతి 50 గంటలకు మార్చడం ఈ ప్రాంతానికి అనువైనది. వేసవి వేడికి ఎస్.ఏ.ఇ. 30 రకం లేదా చేతిపుస్తకంలో అధిక ఉష్ణోగ్రతకు సూచించిన రకం వాడాలి. ఆయిలు పోసేముందు మూత చుట్టూ ఉన్న ధూళిని తుడవాలి. ఫిల్టరును ఎంత జాగ్రత్తగా చూసినా, మూత దగ్గర పడిన చిటికెడు ఇసుక నేరుగా క్రాంక్ షాఫ్ట్‌కు చేరుతుంది.

ఈ పనులన్నింటినీ ఒక చిన్న నోటు పుస్తకంలో తేదీ, గంటలతో సహా రాసి యంత్రంతో పాటే ఉంచాలి. ఒకే యంత్రాన్ని పలువురు అద్దెకు తీసుకొని నడిపే కేంద్రాలలో ఇది అత్యవసరం. శుభ్రం చేయవలసినవారు మరొకరని ప్రతి ఒక్కరూ భావించే చోట రెక్కలు పూడిపోతాయి.

విస్తరణ కార్యక్రమాలకు సూచనలు

శిక్షణ తరగతులలో కొత్త యంత్రాన్ని నడిపి చూపడంతో పాటు చెడిన ఇంజిన్‌ను విప్పి చూపడం ప్రయోజనకరం. ఒకవైపు శుభ్రమైన రెక్కలు, మరొకవైపు అట్టకట్టిన రెక్కలు గల రెండు సిలిండర్లను పక్కపక్కన ఉంచితే వివరణ అవసరముండదు. పట్టేసిన పిస్టన్‌ను, అరిగిన రింగులను, నీలం రంగుకు మారిన కనెక్టింగ్ రాడ్‌ను సేకరించి ప్రదర్శనకు ఉంచవచ్చు. స్థానిక మెకానిక్‌లను ఈ తరగతులకు ఆహ్వానించాలి. చోదకుడు ముందుగా వెళ్లేది వారి వద్దకే కనుక, బోరు చేసే ముందు కారణం చూసే అలవాటు వారిలో ఏర్పడితే ఫలితం ఎక్కువమందికి అందుతుంది.

విద్యార్థులు ఈ వ్యాసంలోని ఉష్ణ గణనను వేర్వేరు ఉష్ణోగ్రతలకు, మూసుకుపోయిన రెక్కల వేర్వేరు శాతాలకు చేసి చూడవచ్చు. తరువాత ఇన్‌ఫ్రారెడ్ ఉష్ణమాపకంతో శుభ్రమైన ఇంజిన్, మురికి పట్టిన ఇంజిన్ రెక్కల ఉష్ణోగ్రతలను ఒకే భారం వద్ద కొలిచి లెక్కతో పోల్చవచ్చు. మురికి పట్టిన ఇంజిన్‌పై కొలతలను కొద్ది నిమిషాలకే పరిమితం చేయాలి.

ముగింపు

గాలితో చల్లబడే చిన్న ఇంజిన్ వేడెక్కడం అంటే పుట్టే వేడికి, బయటకు పోయే వేడికి మధ్య సమతుల్యం తప్పడం. రామగుండం, గోదావరిఖని ప్రాంతపు ఎండ ఈ సమతుల్యాన్ని కొంత దెబ్బతీస్తుంది గాని, ఇంజిన్‌ను చంపేది ప్రధానంగా రెక్కల మధ్య అట్టకట్టిన బొగ్గు ధూళి, తగ్గిన ఆయిలు, ఒకే కోతలో తీయబోయిన మోకాలెత్తు గడ్డి. ఈ మూడూ చోదకుని చేతిలోని విషయాలు. చెడిన ఇంజిన్‌ను బాగుచేయించే ముందు చెడిన కారణాన్ని గుర్తించడం, గడ్డిని మూడో వంతు సూత్రంతో క్రమంగా కోయడం, 25 గంటలకు ఒకసారి కవరు విప్పి రెక్కలు శుభ్రం చేయడం అనే మూడు అలవాట్లను విస్తరణ సిబ్బంది ప్రచారం చేయగలిగితే బోరు ఖర్చు, కోత కాలంలో పోయే రోజులు గణనీయంగా తగ్గుతాయి.